తడకకు అటూ ఇటూ సికిందర్

మా ఆడపడుచు కోడలు స్రవంతి ఈ ఏడు సోషల్ టీచరుగా చేరింది. బోథ్ దగ్గరి బడి. చేరిన వారానికే మా ఇంటికి వచ్చి, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "అత్తమ్మా, నీ సర్వీసుల అన్నిటికన్న కష్టమైన పాఠం ఏదే?" అని అడిగింది. అక్షాంశాలు, రేఖాంశాలు అంటాననుకుంది. అలెగ్జాండర్ అన్నాను. పకపకా నవ్వింది.

"గది రెండు పేజీలు గూడ లేదు గదా. పుట్టిండు, గెలిచిండు, సచ్చిండు."

అట్లా చెప్పేసే టీచర్లు చాలామంది ఉన్నారు, హాయిగా రిటైరయ్యారు. ఆమె అట్లా కాకూడదని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, ఎన్నికల డ్యూటీలు ఇందులో ఉండవు. అవి వినాలనుకునేవాళ్ళకు మా ఆయన ఉన్నాడు. నాకంటే ఆయనకే బాగా గుర్తు.

జైనూర్ అడిగిన ప్రశ్న

నా మొదటి పోస్టింగ్ జైనూర్ వైపు. గుట్టల మీది గూడేల నుంచి పిల్లలు నడిచి వచ్చేవాళ్ళు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు. నేను బోథ్‌లో భూములున్న ఇంటి పిల్లను, కొత్త ఉద్యోగం, కొత్త చేతి గడియారం. గోడకు ప్రపంచపటం తగిలించి, బెత్తంతో మాసిడోనియా నుంచి జీలం నది దాకా గీత గీసినట్టు చూపించి, "ఇంత దూరం జయించుకుంటూ వచ్చాడు" అన్నాను. నా గొంతుకు నేనే మురిసిపోయాను.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "టీచర్, గంత దూరం అంత మంది నడిచొచ్చిండ్రు గదా. అన్నం ఎవ్వలు పెట్టిండ్రు?"

ఆ సంగతి నాకు బి.ఎడ్.లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తరువాత వెతికి చదివితే తెలిసింది, దారిలో ఉన్న ఊళ్ళే పెట్టాయి. కొన్ని భయంతో ముందే తెచ్చి ఇచ్చాయి, కొన్నిటి దగ్గర గుంజుకున్నారు. వారం తరువాత క్లాసులో ఆ మాట చెప్తే ఆ అమ్మాయి తలూపి కూర్చుంది. ఆమెకు అది కొత్త సంగతేమీ కాదన్నట్టు ఉంది ఆ ముఖం. స్రవంతీ, యుద్ధం చెప్పేముందు వంట సంగతి చూసుకో. పిల్లలు అక్కడే పట్టుకుంటారు.

మూడు మీడియాల హాలు

ఆదిలాబాద్‌లో నేను ఎక్కువ కాలం పనిచేసిన బడిని చూస్తే ఇప్పటివాళ్ళు నమ్మరు. ఒకే కాంపౌండులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు మీడియాలు. గదులు చాలక పెద్ద హాలును రెండు వెదురు తడకలతో మూడు ముక్కలు చేశారు. నడుమ నా తెలుగు క్లాసు. ఒక పక్క జమీల్ సార్ ఉర్దూ క్లాసు, ఇంకో పక్క జోషి సార్ మరాఠీ క్లాసు. ముగ్గురం సోషలే చెప్పేవాళ్ళం, ముగ్గురికీ గొంతు పెద్దదే.

సిలబస్ ఒకటే కాబట్టి అలెగ్జాండర్ ముగ్గురి దగ్గరికీ ఒకే వారంలో వచ్చేవాడు. నా దగ్గర జీలం ఒడ్డున పురుషోత్తముడు ఓడిపోయి, రాజును రాజులాగే చూడమని తల ఎత్తి చెప్పేవాడు. అదే నిమిషంలో జోషి సార్ దగ్గర పురుషోత్తముడే గెలిచేవాడు, చప్పట్లు వినిపించేవి. ఇటు పక్క జమీల్ సార్ అసలు యుద్ధం దగ్గరికే రాకుండా సికిందర్ న్యాయం గురించి చెప్తూ ఉండేవాడు. నా పిల్లలు తడక సందుల్లోంచి విని, "టీచర్, అవతల మనోళ్ళు గెలిచిండ్రట" అని ఫిర్యాదు చేసేవాళ్ళు. గెలిచే క్లాసులోకి మారిపోతామని ఇద్దరు తయారయ్యారు కూడా.

అట్లా మొదలైంది మా స్టాఫ్‌రూం యుద్ధం. జోషి సార్ ఇంటి నుంచి అటుకుల చివ్డా డబ్బా తెచ్చేవాడు. జమీల్ సార్ చాయ్ చెప్పేవాడు. నా జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం ముగ్గురం పంచుకునేవాళ్ళం. తింటూనే కొట్టుకునేవాళ్ళం.

"అహో బాయి, గెలిచినోడు ఎనుకకెందుకు పోతడు? ఓడినోడే పోతడు." మరాఠీ బళ్ళలో టీచరమ్మను బాయి అంటారు, జోషి సార్ రిటైరయ్యే దాకా నన్ను అట్లాగే పిలిచాడు.

"వాని సైనికులే ఇంక నడువం అని కూసున్నరు సార్. ఇంటి మీద బెంగ వాళ్ళకు. మనకు దొరికిన కథలన్నీ వాని దిక్కువాళ్ళు రాసినవే, ఒప్పుకుంట. అట్లని మనకు నచ్చినట్టు ఎదురు రాసుకుంటమా?"

"మరి మీరు గ్రీకు వీరుడంటరు, గది నిజమా?" జమీల్ సార్ మెల్లగా పొడిచేవాడు. ఆయన అనుమానం సరైనదే. అతను మాసిడోనియా రాజు కొడుకు. ఏథెన్సు పెద్దమనుషులు మాసిడోనియావాళ్ళను మోటువాళ్ళని, మనవాళ్ళు కాదని వెక్కిరించేవాళ్ళు. అతనేమో గ్రీకు గురువు దగ్గర చదివి, గ్రీకు వీరగాథ తలకింద పెట్టుకుని పడుకునేవాడట. గెలిచాక గ్రీకులందరికీ అతను మావాడయ్యాడు. పారశీకంలో కొందరికి అతను శాపగ్రస్తుడు, నగరం తగలబెట్టినవాడు. తరువాత అదే దేశపు కథల్లో పారశీక రాకుమారుడైపోయాడు. జమీల్ సార్ చిన్నప్పుడు విన్న కథల్లో న్యాయమైన రాజు. "మా పెద్దలల్ల గూడ కొందరు అవునంటరు, కొందరు కాదంటరు మేడం. నేను ఫైసలా చెయ్య" అనేవాడు.

ఆ పేరు కథ కూడా ఆయనే చెప్పాడు. అలెగ్జాండర్ పేరులోని మొదటి 'అల్' తమ భాషలో పేర్ల ముందు వచ్చే 'అల్' అనుకుని అరబ్బులు తీసి పక్కన పెట్టారు. మిగిలింది ఇస్కందర్, మన దాకా వచ్చేసరికి సికిందర్. గ్రీకులో ఆ పేరుకు మనుషులను కాపాడేవాడు అని అర్థమని నేను కలిపాను.

"గన్ని ఊర్లు కాలవెట్టినోనికి గా పేరా!" అని జోషి సార్ చివ్డా చేతిలో పట్టుకునే నవ్వాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో ఆ చివ్డా రుచి వస్తుంది. నాకు అంత మంచి కొట్లాట మళ్ళీ దొరకలేదు.

మా హెడ్మాస్టరు లెక్కల మనిషి. మంచివాడే, కానీ చరిత్ర అంటే ఆయనకు బిట్ పేపరు. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి అంతా విని, "ఒక్క ప్రశ్నకు మూడు జవాబులుంటే మార్కులు ఎట్ల ఏస్తరు మేడం?" అన్నాడు. నేను గట్టిగానే చెప్పాను. "మార్కులు ఎట్లనన్న ఏస్తం సార్. పిల్లలు మూడు జవాబులు విని బతకాలె గదా." ఆయన తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. తరువాత తడకలు తీయించి, మూడు మీడియాల పిల్లలకూ కలిపి చర్చ పెట్టుకోవడానికి ఒప్పుకున్నది కూడా ఆయనే.

పదో తరగతి సికిందర్

ఆ ఏడు నా పదో తరగతిలో ఒక పిల్లవాడి పేరు సికిందర్. తాంసి దిక్కు పత్తి రైతు కొడుకు, హిందువుల పిల్లవాడు. మా జిల్లాల్లో ఇది వింత కాదు. పిల్లలు దక్కకపోతే మొహర్రం పీరీలకు మొక్కుకుని ఆ పేర్లు పెడతారు. మా ఊళ్ళో హుస్సేనులకు, ఫకీరయ్యలకు లెక్కే లేదు, బొట్టు పెట్టుకుని బోనం ఎత్తుతారు. ఈ పిల్లవాడికి ముందు ఇద్దరు పోయారట. పీరీల మొక్కు అని ఊరంతా అనుకునేది, వాడూ అదే అనుకున్నాడు.

కానీ కాలం కొద్దికొద్దిగా మారుతోంది. ఊళ్ళో అడగని ప్రశ్న పట్నంలో అడుగుతారు. "నువ్వు మా దిక్కా, వాళ్ళ దిక్కా?" అని తెలుగు పిల్లలు. "నామ్ హమారా, తూ కిస్కా?" అని, పేరు మాది, నువ్వెవరివాడివని, ఉర్దూ పిల్లలు. నవ్వులాటే, కానీ రోజూ అదే నవ్వులాట. వాడు మాట్లాడటం తగ్గించేశాడు.

మేం ముగ్గురం మా పాండిత్యం బయటికి తీశాం. అది జగజ్జేత పేరురా అన్నాను. న్యాయం పేరు బేటా అన్నాడు జమీల్ సార్. ఓడిపోయినోని పేరు, మార్చేసెయ్ అన్నాడు జోషి సార్. వాడు ముగ్గురినీ మర్యాదగా విని, "నాకు ఎవ్వని పేరు వద్దు సార్. ఆనంద్ అని పెట్టుకుంట" అన్నాడు.

పదో తరగతి నామినల్ రోల్ సంగతి టీచర్లందరికీ తెలుసు, కొత్తవాళ్ళ కోసం చెప్తున్నాను. పరీక్షకు ముందు బడి పంపే ఆ పేర్ల పట్టీలో ఏది పడితే, మెమోలో అదే వస్తుంది. పాస్‌పోర్టులో అదే, పెళ్ళి పత్రికలో అదే. తరువాత మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్ళు అరుగుతాయి. అందుకే ఆ నెలలో క్లాసు టీచరు పిల్లల పేరు ఒక్కొక్కటీ పిలిచి, ఇదేనా అని అడగాలి. ఆ ప్రశ్నను ఎప్పుడూ హడావిడిగా అడగకు స్రవంతీ.

చర్చ ఆ వారంలోనే పడింది. తడకలు తీశారు. అలెగ్జాండర్ గొప్పవాడా కాదా, ఎవరివాడు, ఇదే విషయం. మొదటి అరగంట నా సర్వీసులోకెల్లా మంచి అరగంట. ఉర్దూ క్లాసు అమ్మాయి ఒకతి, గొప్ప అనేది గెలిచినవాళ్ళ మాట, కాలిన ఊరివాళ్ళను అడగండి అంది. మరాఠీ పిల్లవాడు జోషి సార్‌నే ఎదిరించి, పురుషోత్తముడు గెలిచాడనడానికి రుజువు చూపించమన్నాడు. జోషి సార్ ముఖం చూడాలి, కోపమూ గర్వమూ రెండూ ఉన్నాయి అందులో.

అప్పుడు ఎవడో వెనక నుంచి అరిచాడు. "సికిందర్ ఎవ్వనోడో గంత చర్చ ఎందుకు? ఆడ కూసున్నడు, వాన్నే అడుగుండ్రి!"

హాలంతా నవ్వింది. సికిందర్ లేచి, చెప్పులు వేసుకుని, బయటికి నడిచాడు. మరునాడు పొద్దున పేరు మార్చాలని హెడ్మాస్టరుకు దరఖాస్తు ఇచ్చాడు. తల్లో తండ్రో వచ్చి ఒప్పుకుంటే సరిపోతుందన్నాడు ఆయన.

అవ్వ వచ్చింది

వాడి తల్లి మార్కెట్‌కు వచ్చిన పత్తి బండిలోనే వచ్చింది. కొంగుకు, జుట్టుకు పత్తి అంటుకుని ఉంది. హెడ్మాస్టరు గదిలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. మేం ముగ్గురం అక్కడే ఉన్నాం, వాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పిల్లగాడు పేరు మార్చుకుంటనంటుండు. మీకు ఇష్టమేనా అమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు.

ఆమె కొడుకు దిక్కు చూసింది. "ఎందుకు బిడ్డా?"

"అందరు నవ్వుతుండ్రు అవ్వా. పీరీల మొక్కు తీరింది గదా, ఇంక చాలు."

ఆమె కొంగు మీది పత్తి దులుపుకుంది. తరువాత నా దిక్కు తిరిగింది, ఆడదాన్ని కాబట్టి కావచ్చు.

"పీరీల మొక్కు కాదు టీచరమ్మా. మా అత్త అట్ల చెప్పింది ఊర్లె. అసలు సంగతి చెప్తే నలుగురు నవ్వుతరని."

ఆమె చెప్పింది. పత్తి అమ్మి అటే దవాఖానకు పోదామని నిండు నెలలతో బండెక్కిందట. మార్కెట్ యార్డులో బండ్లు ముందుకు కదలవు, వెనక్కి కదలవు. ఆ ఇరుకులోనే నొప్పులొచ్చాయి. భర్త కాంటా దగ్గర ఉన్నాడు. పక్క బండి ఆడమనిషి సాయం కోసం అరిచింది, పత్తి చాలామటుకు దించేసిన లారీ ఒకటి పక్కనే ఉంది.

"డ్రైవర్ ఎవ్వలో ఏమో. కిందికి దుంకిండు. లారీల మిగిలిన పత్తంత ఒక్క దిక్కు పరిచిండు. తువ్వాల అడ్డం కట్టిండు. నన్ను ఎక్కిచ్చుకొని, బండ్లోళ్ళ కాళ్ళు మొక్కుకుంట, తిట్టుకుంట తొవ్వ చేయించిండు. గేటు దాటక ముంగటనే వీడు పుట్టిండు. ఆయిన అటు మొకం పెట్టుకొని ఏడుస్తుండు టీచరమ్మా, మగమనిషి. దవాఖానల దించి పోయిండు. మల్ల కనవడలే."

"పేరు ఎట్ల తెలిసింది?" అడిగాడు జమీల్ సార్.

"నేను అడగలే సార్. నొప్పులు తీస్తుంటె యార్డుల ఎవ్వరో ఆ లారీ దిక్కు ఒకటే ఒర్రుతుండ్రి. సికిందర్, బండి తియ్! ఓ సికిందర్! అని. గదే చెవుల పడ్డది. ఆయిన మొకం గూడ నాకు సక్కగ యాది లేదు. గా పేరొక్కటే ఉన్నది."

కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గందుకే యార్డుకు వచ్చినప్పుడల్ల వీన్ని గట్టిగ పిలుస్త. సికిందర్ అని. వీడు పక్కకే ఉన్నా పిలుస్త. ఎప్పుడన్న ఆయిన ఉంటే పేరు ఇని ఎనుకకు మర్రి చూస్తడు గదా, అప్పుడు చూపిస్త, గీడ ఉన్నడు, బతికిండు అని. పేరు మారితే మల్ల ఏమని పిలువాలె?"

నాకు కళ్ళు నిండాయి, దాచుకోలేదు. జమీల్ సార్ నా దిక్కు వంగి మెల్లగా అన్నాడు. "పేరుకు మీరు చెప్పిన మాయినా, మనుషులను కాపాడేటోడని, ఇయ్యాల కుదిరింది మేడం."

సికిందర్ గోడ దగ్గరి నుంచి కదలలేదు. "నాకెందుకు చెప్పలే అవ్వా?" అన్నాడు.

"లారీల పుట్టినవని నవ్వుతరని బిడ్డా."

"నవ్వనీ" అన్నాడు వాడు. తరువాత హెడ్మాస్టరు దిక్కు తిరిగాడు. "సార్, ఉన్నదే రాయుండ్రి."

హెడ్మాస్టరు దరఖాస్తు చింపేసి, పేరు స్వయంగా రాశాడు. రాసి, ఇంటిపేరుతో సహా ఒకటికి రెండుసార్లు చదివి వినిపించాడు. ఒకటే జవాబు ఉండాలనే మనిషికి ఆ రోజు అది దొరికింది.

నాకు అర్థమైనంత

ఆ తరువాత మేం ముగ్గురం కొట్లాడటం మానలేదు, మానాల్సిన అవసరమూ లేదు. అలెగ్జాండర్ ఎవరివాడనే ప్రశ్న ఉత్తది కాదు. రుజువు ఎక్కడుంది, రాసిందెవరు, కాలిందెవరి ఊరు, ఇవన్నీ పిల్లలకు ఆ ప్రశ్న దగ్గరే నేర్పగలం. ఈ మధ్య ఫోనులో వీడియో చూసి వచ్చి పిల్లలు ఖరాఖండిగా చెప్తున్నారని స్రవంతి తలపట్టుకుంటోంది. కోప్పడకు. వీడియో చేసినవాడికి ఎలా తెలిసిందట అని అడుగు, మళ్ళీ మళ్ళీ అడుగు. అయితే క్లాసులో ఆ పేరున్న పిల్లవాడు కూర్చుని ఉంటే మాత్రం, ముందు వాడి ఇంట్లో ఆ పేరు ఎట్లా వచ్చిందో కనుక్కో. రాజు సంగతి తరువాత.

జమీల్ సార్ ఇప్పుడు లేడు. జోషి సార్ యవత్మాల్‌లో కూతురి దగ్గర ఉన్నాడు, పురుషోత్తముడు గెలిచాడని ఇప్పటికీ నా ఫోనుకు మెసేజీలు పంపిస్తాడు. నేను ఇప్పటికీ రుజువు అడుగుతాను. హాల్లో తడకల స్థానంలో ఇటుక గోడలు వచ్చాయి, ఒక క్లాసు మాట ఇంకో క్లాసుకు వినపడదు. మంచి సౌకర్యమే. నాకు మాత్రం లోపలికి వెళ్తే చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది.

సికిందర్ దుబాయి పోయి ఒక హోటల్ వంటింట్లో చేరాడు. ఒకరోజు ఫోన్ చేసి కడుపుబ్బా నవ్వించాడు. అక్కడ గ్రీసు వంటమనిషి ఒకడు, మాసిడోనియావాడు ఒకడు ఉన్నారట. వీడి పేరు వినగానే, అలెగ్జాండర్! మావాడి పేరు! అని ఇద్దరూ ఒకేసారి అన్నారట, ఇక ఇద్దరికీ లడాయి. గ్రీసు పెట్టే గొడవ భరించలేక తమ దేశం తన పేరుకు ముందు ఉత్తర అని తగిలించుకోవాల్సి వచ్చిందని మాసిడోనియావాడికి ఇంకా మంట.

"దేశానికే పేరు మార్చుకొనుడు తప్పలేదట టీచర్. గీడ గూడ మన తడకలే" అన్నాడు.

"నువ్వేమన్నవు మరి?"

"మీ ఇద్దరిది కాదు, మా అవ్వది అన్న."

పోయిన పత్తి సీజనులో మా పొలం పత్తితో నేనూ మార్కెట్ యార్డుకు వెళ్ళాను. ఇప్పుడు బండ్లు తక్కువ, ట్రాక్టర్లు, వ్యాన్లు ఎక్కువ. దుమ్ము, హారన్లు, కాంటా దగ్గర కేకలు. ఆ గోలలోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"సికిందర్! ఓ సికిందర్!"

గుర్తుపట్టాను. జుట్టు పూర్తిగా నెరిసింది. సెలవు మీద వచ్చిన కొడుకు ఆమెకు రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు, గడ్డం పెంచాడు, కొంచెం లావయ్యాడు. "ఓ అవ్వా! ఈడనే ఉన్న!" అని అంతకంటే గట్టిగా పలికాడు, యార్డంతా వినపడేలా.

ఆమె కొడుకు దిక్కు చూడలేదు. వరుసగా ఆగిన లారీల దిక్కు, ఒక్కొక్క డ్రైవర్ ముఖం చూస్తోంది, ఆ పేరు విని ఎవరైనా వెనక్కి మర్రి చూస్తారేమోనని.